ఇంటి సామగ్రితో కంప్యూటరు క్యాబినెట్

కంప్యూటరులోని మదర్‌బోర్డు, విద్యుత్ సరఫరా పెట్టె (ఎస్.ఎం.పి.ఎస్.), హార్డు డిస్కు మొదలైన భాగాలను ఒకచోట బిగించి కాపాడే పెట్టెను క్యాబినెట్ అంటారు. వాడుకలో చాలామంది ఈ పెట్టెనంతటినీ "సి.పి.యు." అని పిలుస్తారు. నిజానికి సి.పి.యు. అనేది మదర్‌బోర్డు మీద ఉండే ఒక చిప్పు మాత్రమే. అంగడిలో దొరికే ఇనుప రేకు క్యాబినెట్‌కు బదులుగా ట్రంకు పెట్టె, నూనె డబ్బా, పాత చెక్క, వెదురు తడక, అట్టపెట్టె వంటి ఇంటి వస్తువులతో కూడా దీనిని తయారు చేసుకోవచ్చు. పాత కంప్యూటరు భాగాలు చేతిలో ఉండి, పెట్టె లేనివారికి ఇది తక్కువ ఖర్చుతో కూడిన మార్గం. అయితే తగ్గించవలసినది పెట్టె ఖరీదునే గాని పెట్టె చేసే పనులను కాదు. వాటిలో ఏ ఒక్కటి లోపించినా భాగాలు చెడిపోవడమే గాక విద్యుదాఘాతం, అగ్నిప్రమాదం వంటివి జరిగే అవకాశం ఉంది.

క్యాబినెట్ చేసే పనులు

పెట్టె లేకపోయినా కంప్యూటరు పనిచేస్తుంది. మరమ్మతు దుకాణాలలో మదర్‌బోర్డును బల్లపై పరచి పరీక్షించడం సాధారణంగా కనిపించే దృశ్యమే. కాని రోజూ వాడే యంత్రానికి క్యాబినెట్ ఐదు పనులు చేసిపెడుతుంది.

* ఆధారం: బోర్డు వంగకుండా, కార్డులు, తీగలు కదలకుండా పట్టి ఉంచుతుంది. బరువైన హీట్‌సింకు ఉన్న బోర్డును సరిగా బిగించకపోతే అది వంగి, దానిమీది సన్నని రాగి దారులు తెగిపోగలవు.
* విద్యుత్ రక్షణ: లోపలి భాగాలను మనిషి చేతికి తగలనివ్వదు. పెట్టె లోహానిదైతే అది ఎర్తు తీగకు కలపబడి ఉంటుంది. లోపల ఎక్కడైనా 230 వోల్టుల తీగ ఊడి రేకుకు తగిలితే విద్యుత్తు ఎర్తు ద్వారా పోయి ఫ్యూజు ఎగిరిపోతుంది. తాకిన మనిషికి ప్రమాదం తప్పుతుంది.
* చల్లదనం: గాలిని ఒక వైపు నుండి లోనికి తీసుకొని, వేడి భాగాల మీదుగా నడిపించి, మరో వైపు నుండి బయటకు పంపుతుంది.
* అగ్ని నిరోధం: లోపల ఏదైనా భాగం కాలినా మంట గదిలోకి వ్యాపించకుండా అడ్డుపడుతుంది.
* తరంగాల అడ్డుగోడ: కంప్యూటరు నుండి వెలువడే రేడియో తరంగాలను లోహపు పెట్టె చాలావరకు ఆపుతుంది. పెట్టె తీసివేసిన కంప్యూటరు పక్కన రేడియో పెడితే గరగర శబ్దం వినిపించడానికి కారణం ఇదే.

ఇంటి సామగ్రిని ఎంచుకునేటప్పుడు ఈ ఐదింటినీ వరుసగా పరీక్షించుకోవాలి. ఏ పదార్థమూ ఐదింటిలోనూ సమానంగా నెగ్గదు. చెక్క ఆధారంగా మంచిదే గాని మంటను ఆపదు. ఇనుప రేకు మంటను ఆపుతుంది గాని ఎర్తు లేకపోతే అదే ప్రమాదకారి అవుతుంది.

చరిత్ర

వ్యక్తిగత కంప్యూటర్ల తొలినాళ్ళలో పెట్టెను కొనుగోలుదారే సమకూర్చుకోవలసి వచ్చేది. 1976లో స్టీవ్ వోజ్నియాక్ రూపొందించిన యాపిల్-1 కంప్యూటరును 666.66 డాలర్లకు అమ్మారు. ఆ ధరకు లభించినది అమర్చిన సర్క్యూటు బోర్డు మాత్రమే. పెట్టె, కీబోర్డు, ట్రాన్స్‌ఫార్మరు కొన్నవారే చూసుకోవాలి. సుమారు 200 మాత్రమే తయారైన ఈ బోర్డులకు చాలామంది చెక్క పెట్టెలు చేయించుకున్నారు. హవాయి దీవులలో పెరిగే కోవా చెక్కతో చేసిన పెట్టెలు కొన్ని నేటికీ నిలిచి ఉన్నాయి.

1981లో ఐ.బి.ఎం. సంస్థ విడుదల చేసిన పర్సనల్ కంప్యూటరు ఇనుప రేకు పెట్టెతో వచ్చింది. ఇతర సంస్థలు దానినే అనుకరించాయి. 1995లో ఇంటెల్ సంస్థ ఏ.టి.ఎక్స్. అనే కొలతల ప్రమాణాన్ని ప్రకటించింది. బోర్డు పొడవు, వెడల్పు, మరల రంధ్రాల స్థానాలు, విద్యుత్ సరఫరా పెట్టె కొలతలు దీనిలో నిర్దేశించబడినాయి. అందువలన ఒక సంస్థ బోర్డును మరో సంస్థ పెట్టెలో బిగించడం సాధ్యపడింది. ఇంటిలో పెట్టె తయారు చేసుకొనేవారికి కూడా ఇది మేలు చేసింది. ఒకసారి రంధ్రాల గుర్తులు పెట్టిన పలక తర్వాత మార్చే బోర్డుకు కూడా పనికివస్తుంది.

గూగుల్ సంస్థ చరిత్రలో కూడా ఇటువంటి పెట్టెలు ఉన్నాయి. 1996లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో లారీ పేజ్, సెర్గీ బ్రిన్ తమ పరిశోధన కొరకు 4 గిగాబైట్ల హార్డు డిస్కులు పదింటిని పిల్లల ఆటవస్తువులైన ప్లాస్టిక్ ఇటుకలతో కట్టిన గూటిలో అమర్చారు. 1999లో ఆ సంస్థ నిర్మించిన సర్వర్లలో ఒక్కొక్క పళ్ళెంపై పలు మదర్‌బోర్డులను పెట్టెలు లేకుండానే పరచి, కింద విద్యుత్తు పారకుండా బెండు పలకను వేశారు. ఈ సర్వర్లకు "కార్క్‌బోర్డు" అనే పేరు దానివలననే వచ్చింది.

భారతదేశంలో 1999లో ఎన్.ఐ.ఐ.టి. సంస్థకు చెందిన సుగతా మిత్ర ఢిల్లీలోని కాల్కాజీలో తమ కార్యాలయపు గోడకు కన్నం చేసి, మురికివాడ పిల్లలు వాడుకొనేలా ఒక కంప్యూటరును అమర్చారు. అక్కడ గోడే కంప్యూటరుకు రక్షణగా నిలిచింది.

2012 ఫిబ్రవరి 29న విడుదలైన రాస్ప్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటరు కూడా తొలుత పెట్టె లేకుండానే అమ్ముడుపోయింది. సుమారు 8.5 సెంటీమీటర్ల పొడవు, 5.6 సెంటీమీటర్ల వెడల్పు గల ఈ బోర్డుకు అట్టకాగితం మీద గీసి కత్తిరించుకొనే పెట్టెలను ఔత్సాహికులు రూపొందించారు.

తెలుగు ప్రాంతంలో విడిభాగాలు కొని కూర్పించుకున్న కంప్యూటరును "అసెంబుల్డ్ కంప్యూటరు" అంటారు. సికింద్రాబాదు పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్ (సి.టి.సి.) ఇటువంటి విడిభాగాల అమ్మకానికి పేరు పొందినది. బోర్డు, మెమరీ వంటివి చేతిసంచిలో పట్టుకొని పోవచ్చు. క్యాబినెట్ మాత్రం బరువు తక్కువ, చోటు ఎక్కువ. దానిలో అధికభాగం ఖాళీయే. అందువలన దూరప్రాంతాలకు రవాణా విషయంలో అన్నింటికంటే ఇబ్బంది పెట్టేది పెట్టెయే.

ఆసిఫాబాద్ ప్రాంత పరిస్థితులు

ఆసిఫాబాద్ పట్టణం 2016 అక్టోబరు 11న ఆదిలాబాదు జిల్లా నుండి ఏర్పడిన కొమురం భీం ఆసిఫాబాద్ జిల్లాకు ముఖ్యపట్టణం. హైదరాబాదుకు సుమారు 300 కిలోమీటర్ల దూరంలో ఉంది. కాజీపేట - బల్లార్ష రైలుమార్గంలోని ఆసిఫాబాద్ రోడ్ స్టేషను పట్టణంలో గాక రెబ్బెన మండలంలో ఉంది. ఇటువంటి చోట ఇంటి సామగ్రితో పెట్టె చేసుకొనడానికి అనుకూలతలు, ప్రతికూలతలు రెండూ ఉన్నాయి.

వాతావరణం ప్రధానమైన ప్రతికూలత. వేసవిలో ఇక్కడి ఉష్ణోగ్రత 45 డిగ్రీల సెల్సియస్ దాటుతుంది. శీతల దేశాలలో వారు చేసిన నమూనాలను చూసి అలాగే తయారు చేస్తే ఇక్కడ పనికిరావు. గదిలో 22 డిగ్రీలు ఉన్నచోట పెట్టె లోపల 15 డిగ్రీలు పెరిగితే 37 డిగ్రీలు అవుతుంది. అదే పెట్టెలో ఇక్కడి మే నెలలో 60 డిగ్రీలు అవుతుంది. సాధారణ హార్డు డిస్కులకు తయారీదారులు నిర్దేశించే గరిష్ఠ ఉష్ణోగ్రత సుమారు 60 డిగ్రీలే.

రెండవది ధూళి. జిల్లాలో పత్తి ముఖ్యమైన పంట. గాలిలో తేలే పత్తి నూగు ఫ్యాను రెక్కలకు, హీట్‌సింకు సందులకు చుట్టుకొని గాలిని ఆపివేస్తుంది. గోలేటి పరిసరాలలోని సింగరేణి బొగ్గు గనుల దగ్గర బొగ్గు పొడి కూడా తోడవుతుంది. బొగ్గు పొడికి విద్యుత్ వాహక గుణం కొంత ఉండవచ్చు కనుక అది తేమతో కలిసి బోర్డుపై పేరుకోవడం మంచిది కాదు.

మూడవది వానకాలపు తేమ, దానితోపాటు వచ్చే పురుగులు. చెక్కకు, అట్టకు చెదలు పడతాయి. వెచ్చదనం కొరకు బొద్దింకలు, బల్లులు పెట్టెలోకి చేరతాయి. ఎలుకలు తీగలను కొరుకుతాయి.

అనుకూలత సామగ్రి లభ్యత. టేకు, వెదురు అడవులు గల ప్రాంతం ఇది. వెదురుతో బుట్టలు, తడకలు అల్లే మేదరి వృత్తివారు, వడ్రంగులు, రేకు పని చేసేవారు, వెల్డింగు దుకాణాలవారు పట్టణాలలో అందుబాటులో ఉంటారు. అయితే అడవి నుండి టేకు కర్రను అనుమతి లేకుండా తెచ్చుకొనడం అటవీ చట్టం ప్రకారం నేరం. పాత తలుపులు, విరిగిన మంచాలు, సామాను వచ్చిన చెక్కపెట్టెల నుండి కర్రను తీసుకొనడమే సరైన పద్ధతి.

బోర్డు కొలతలు

పెట్టెను ఎంచుకొనే ముందు మదర్‌బోర్డును కొలవాలి. సాధారణంగా కనిపించే కొలతలు మూడు.

* ఏ.టి.ఎక్స్.: 30.5 × 24.4 సెంటీమీటర్లు
* మైక్రో ఏ.టి.ఎక్స్.: గరిష్ఠంగా 24.4 × 24.4 సెంటీమీటర్లు
* మినీ ఐ.టి.ఎక్స్. (2001లో వయా సంస్థ ప్రవేశపెట్టినది): 17 × 17 సెంటీమీటర్లు

మైక్రో ఏ.టి.ఎక్స్. బోర్డులలో చాలా వాటి వెడల్పు 24.4 కంటే తక్కువగా, 18 నుండి 20 సెంటీమీటర్ల వరకే ఉంటుంది. బోర్డు చుట్టూ కనీసం 2 సెంటీమీటర్ల ఖాళీ, హీట్‌సింకు ఫ్యాను పైన కనీసం 4 సెంటీమీటర్ల ఖాళీ వదలాలి. ఎస్.ఎం.పి.ఎస్. కొలతలు సుమారు 15 × 14 × 8.6 సెంటీమీటర్లు. దీని వెనుక తీగలు వంగడానికి మరో 5 సెంటీమీటర్లు అవసరం.

వాడదగిన పదార్థాలు

ట్రంకు పెట్టె

హాస్టలు విద్యార్థులు బట్టలు, పుస్తకాలు దాచుకొనే రేకు ట్రంకు పెట్టె ఇంటి వస్తువులన్నింటిలో క్యాబినెట్‌కు అతి దగ్గరిది. ఇనుప రేకుతో చేసినది కనుక మంటను, రేడియో తరంగాలను ఆపుతుంది. ఏ.టి.ఎక్స్. బోర్డు కూడా దీనిలో సులభంగా పడుతుంది. మూత తెరిచి మరమ్మతు చేయవచ్చు. తాళం వేయవచ్చు. లోపాలు రెండు. ఇది గాలి చొరని పెట్టె కనుక రంధ్రాలు తప్పనిసరి. రంగు పూసిన రేకు కనుక ఎర్తు తీగ బిగించేచోట రంగును గీకివేయాలి, లేకుంటే రేకుకు, తీగకు స్పర్శ కలగదు. మూత బందుల ద్వారా విద్యుత్ స్పర్శ సరిగా ఉండదు కనుక మూతకు విడిగా మరో ఎర్తు తీగ కలపాలి.

నూనె డబ్బా

15 కిలోల వంటనూనె చదరపు డబ్బా ఒక్కొక్క వైపు సుమారు 23 నుండి 24 సెంటీమీటర్లు, ఎత్తు సుమారు 35 సెంటీమీటర్లు ఉంటుంది. మినీ ఐ.టి.ఎక్స్. బోర్డుకు ఇది సరిపోతుంది. 24.4 సెంటీమీటర్ల చదరపు బోర్డు దీనిలో పట్టదు. 18 సెంటీమీటర్ల వెడల్పు గల మైక్రో ఏ.టి.ఎక్స్. బోర్డును మాత్రం పక్క గోడకు నిలువుగా బిగించవచ్చు. నిలువుగా ఉన్న డబ్బా పొగగొట్టం వలె పనిచేస్తుంది. అడుగు నుండి చల్లని గాలి వచ్చి, వేడెక్కి, పైనుండి పోతుంది. డబ్బాను ముందుగా వేడినీటితో, సబ్బుతో కడిగి పూర్తిగా ఆరబెట్టాలి. నూనె జిడ్డు మిగిలితే ధూళి అంటుకుంటుంది, పురుగులు చేరతాయి. కోసిన రేకు అంచులు కత్తి వలె పదునుగా ఉంటాయి. వాటిని లోపలికి మడిచి కొట్టాలి, లేదా చీల్చిన రబ్బరు గొట్టం తొడగాలి.

చెక్క

ప్లైవుడ్డు, పాత టేకు పలకలు పెట్టె చట్రానికి అనుకూలం. మరలు బలంగా పట్టుకుంటాయి, శబ్దం తగ్గుతుంది. చెక్క వేడిని బయటకు పోనివ్వదు కనుక కంప్యూటరు కాలిపోతుందనే అభిప్రాయం పూర్తిగా సరికాదు. చెక్క ఉష్ణవాహకత ఇనుములో వందో వంతుకు కూడా రాదనేది నిజమే. కాని ఫ్యాను ఉన్న పెట్టెలో వేడి ప్రధానంగా గాలితోపాటే బయటకు పోతుంది గాని గోడల గుండా కాదు. గాలి దారి సరిగా ఉంటే చెక్క పెట్టె కూడా చల్లగానే ఉంటుంది. గాలి దారి లేకపోతే ఇనుప పెట్టె కూడా కాగుతుంది. నిర్మల్ బొమ్మల తయారీలో వాడే పొనికి కర్ర చాలా తేలికైనది, మెత్తనిది. ముందు పలక వంటి బరువు పడని భాగాలకే అది తగినది.

వెదురు తడక

మేదరివారు అల్లే వెదురు తడకకు సహజంగానే సందులు ఉంటాయి. చెక్క చట్రానికి పక్క గోడలుగా తడక బిగిస్తే గాలి ధారాళంగా ఆడుతుంది. కాని సందులు అన్ని వైపులా ఉన్నప్పుడు ఫ్యాను గాలిని దగ్గరి సందు నుండే లాగుకొని, దూరంగా ఉన్న వేడి భాగాన్ని వదిలివేస్తుంది. కనుక తడకను ఒక గోడకే పరిమితం చేసి, మిగిలిన గోడలను మూసివేయాలి. తడక వెనుక సన్నని ఇనుప జాలీ ఉంటే ఎలుకలు, బల్లులు చొరబడవు.

అట్టపెట్టె

టీవీలు, ఫ్రిజ్‌లు వచ్చే ముడతల అట్టతో చేసే పెట్టె అతి చవకైనది. పొరల మధ్య ముడతల వలన బరువు మోయగలదు. కాగితం మండడానికి సుమారు 230 డిగ్రీల వేడి కావాలి. మామూలుగా పనిచేసే కంప్యూటరులో ఏ భాగమూ అంత వేడెక్కదు. ప్రమాదం వచ్చేది మామూలుగా పనిచేస్తున్నప్పుడు కాదు. వదులైన తీగ దగ్గర నిప్పురవ్వ లేచినప్పుడు, కెపాసిటరు పేలినప్పుడు, ఫ్యాను ఆగిపోయినప్పుడు అట్ట ఇంధనం అవుతుంది. అందువలన అట్టపెట్టెను రాస్ప్‌బెర్రీ పై వంటి కొద్ది వాట్ల బోర్డులకు, లేదా కొలతలు సరిచూసుకొనే నమూనాగా మాత్రమే వాడాలి. ముందు అట్టతో నమూనా చేసి, అన్నీ సరిపోయిన తర్వాత రేకును కోయడం వలన రేకు వృథా కాదు.

వాడరాని పదార్థాలు

* థర్మోకోల్: సుమారు 100 డిగ్రీల లోపే మెత్తబడుతుంది. అంటుకుంటే నల్లని పొగతో, కరిగిన బొట్లు రాలుస్తూ మండుతుంది. స్థిర విద్యుత్తును కూడా పోగుచేస్తుంది.
* మట్టికుండ: కుండ చల్లదనానికి కారణం దాని గోడల నుండి నీరు ఆవిరి కావడం. నీరు లేని కుండ చల్లబరచదు, నీరున్న కుండ కంప్యూటరుకు తగదు.
* బట్ట, గోనె: ధూళిని పట్టి గాలిని ఆపుతాయి, సులభంగా అంటుకుంటాయి.
* వంటనూనె నింపిన గాజు తొట్టి: బోర్డును విద్యుత్తు పారని నూనెలో ముంచి చల్లబరచిన ప్రయోగాలు విదేశాలలో జరిగినాయి. వాటికి మినరల్ ఆయిల్ వాడతారు. వంటనూనె కొంతకాలానికి చెడి, వాసన వేసి, చిక్కబడుతుంది. గాలి రంధ్రం ఉండే సాధారణ హార్డు డిస్కును ఏ నూనెలోనూ ముంచకూడదు.

గాలి లెక్క

ఎంత గాలి కావాలో సులభంగా లెక్కకట్టవచ్చు. 45 డిగ్రీల వద్ద ఒక ఘనమీటరు గాలి బరువు సుమారు 1.1 కిలోగ్రాములు. ఒక కిలోగ్రాము గాలిని ఒక డిగ్రీ వేడెక్కించడానికి సుమారు 1000 జౌళ్ళ శక్తి కావాలి. కంప్యూటరు వాడే విద్యుత్తంతా చివరకు వేడిగానే మారుతుంది. 100 వాట్లు వాడే కంప్యూటరులో గాలి ఉష్ణోగ్రత 10 డిగ్రీలకు మించి పెరగకూడదంటే సెకనుకు సుమారు 9 లీటర్ల గాలి పారాలి. 150 వాట్లకు 13.5 లీటర్లు కావాలి.

80 మిల్లీమీటర్ల ఫ్యాను ఒకటి అడ్డంకులు లేనప్పుడు నిమిషానికి సుమారు 30 ఘనపుటడుగులు, అనగా సెకనుకు 14 లీటర్ల గాలిని తోయగలదు. జాలీలు, ఇరుకైన దారులు ఉన్నప్పుడు అది సగానికి పడిపోవచ్చు. కనుక 100 వాట్లకు అటువంటి ఫ్యాన్లు రెండు, లేదా 120 మిల్లీమీటర్ల ఫ్యాను ఒకటి పెట్టడం క్షేమం. గాలి లోనికి వచ్చే రంధ్రాల మొత్తం వైశాల్యం ఫ్యాను వైశాల్యం కంటే తక్కువ ఉండరాదు. 80 మిల్లీమీటర్ల ఫ్యానుకు అది సుమారు 50 చదరపు సెంటీమీటర్లు, 120 మిల్లీమీటర్ల ఫ్యానుకు సుమారు 113 చదరపు సెంటీమీటర్లు.

పాత ప్రాసెసర్లన్నీ సమానంగా వేడెక్కవు. 2004 నాటి పెంటియం 4 (ప్రెస్కాట్) రకాలలో కొన్ని 100 వాట్లకు పైగా వేడిని వెలువరించేవి. 2006లో వచ్చిన కోర్ 2 డుయో రకాలలో ఎక్కువ వాటికి 65 వాట్లు సరిపోయేవి. ఇంటి పెట్టెకు బోర్డును ఎంచుకొనే అవకాశం ఉంటే రెండవదే మేలు.

వేసవిలో గది కూలరుకు ఎదురుగా కంప్యూటరును పెట్టరాదు. కూలరు గాలిలో తేమ అధికం, ఒక్కొక్కసారి నీటి తుంపరలు కూడా ఉంటాయి.

అమర్చే విధానం

కోత, రంధ్రాలు వేయడం, రంగు వేయడం అన్నీ బోర్డును లోపల పెట్టకముందే పూర్తిచేయాలి. ఇనుప రజను ఒక్క పలుకు బోర్డుపై పడినా రెండు దారులను కలిపి షార్టు చేయగలదు.

# బోర్డును కాగితంపై పెట్టి అంచులు, మరల రంధ్రాలు గుర్తించాలి. ఆ కాగితాన్ని పెట్టె అడుగు పలకపై అంటించి రంధ్రాలు వేయాలి.
# బోర్డు అడుగు భాగం పలకకు తగలకుండా సుమారు 6 మిల్లీమీటర్ల ఎత్తున నిలపాలి. దీనికి ఇత్తడి స్టాండాఫ్‌లు దొరకకపోతే బాల్‌పెన్ను గొట్టాన్ని సమానమైన ముక్కలుగా కోసి, వాటి గుండా మరలు బిగించవచ్చు. ముక్కలన్నీ ఒకే ఎత్తున లేకపోతే బోర్డు వంగుతుంది.
# ఫ్యాను కొరకు రంధ్రం చేయాలి. 80 మిల్లీమీటర్ల ఫ్యానుకు మరల మధ్య దూరం 71.5 మిల్లీమీటర్లు, 120 మిల్లీమీటర్ల ఫ్యానుకు 105 మిల్లీమీటర్లు. వంటింటి స్టీలు జల్లెడ ఫ్యానుకు మంచి జాలీ అవుతుంది.
# గాలి కింద ముందు వైపు నుండి వచ్చి, పైన వెనుక వైపు నుండి పోయేలా ఫ్యాన్లను తిప్పాలి. ఫ్యాను చట్రంపై ఉండే బాణం గుర్తు గాలి దిశను తెలుపుతుంది.
# హార్డు డిస్కును సైకిలు ట్యూబు నుండి కోసిన రబ్బరు పట్టీలపై నిలిపితే అదురు, శబ్దం తగ్గుతాయి. దానిమీదుగా గాలి పారేలా చూడాలి.
# కంప్యూటరును ఆన్ చేయడానికి కాలింగ్ బెల్ స్విచ్చి సరిపోతుంది. మదర్‌బోర్డుపై ఉండే రెండు పిన్నులను ఒక క్షణం కలపడమే పవర్ బటన్ చేసే పని. నొక్కినంతసేపే కలిసి, వదలగానే విడిపోయే స్విచ్చి కావాలి. దీపపు స్విచ్చి పనికిరాదు. ఈ స్విచ్చి తీగలలో ఉండేది కొద్దిపాటి వోల్టేజి మాత్రమే. దీనిని 230 వోల్టుల తీగకు ఎట్టి పరిస్థితిలోనూ కలపరాదు.

విద్యుత్ భద్రత

ఇంటి పెట్టెలో మార్చకూడనిది ఒక్కటే, ఎస్.ఎం.పి.ఎస్. దానిని దాని రేకు పెట్టెతో సహా యథాతథంగా బిగించాలి. చోటు చాలలేదని దాని రేకును విప్పి లోపలి బోర్డును విడిగా వాడడం ప్రాణాపాయం. 230 వోల్టుల ఏకాంతర విద్యుత్తును లోపలి కెపాసిటర్లు సుమారు 325 వోల్టుల ఏకముఖ విద్యుత్తుగా నిలవ చేస్తాయి. ప్లగ్గు తీసిన తర్వాత కూడా ఆ నిలవ కొంతసేపు ఉంటుంది. దానినుండి బయటకు వచ్చే 12, 5, 3.3 వోల్టుల తీగలు మాత్రమే తాకడానికి భయం లేనివి. అవి కూడా షార్టు అయితే ఎక్కువ విద్యుత్ ప్రవాహం వలన కాగి మంటకు కారణం కాగలవు.

* మూడు పిన్నుల ప్లగ్గునే వాడాలి. ఎర్తు పిన్నును విరిచి రెండు పిన్నుల సాకెట్టులో గుచ్చరాదు. ఇంటిలో ఎర్తు లేకపోతే ముందు ఎలక్ట్రీషియను చేత ఎర్తు వేయించాలి.
* పెట్టె లోహానిదైతే ఎస్.ఎం.పి.ఎస్. రేకును పెట్టెకు మరలతో నేరుగా బిగించాలి. ఆ తర్వాత ప్లగ్గు ఊడదీసి, పెట్టె రేకుకు, ప్లగ్గు ఎర్తు పిన్నుకు మధ్య నిరోధాన్ని మల్టీమీటరుతో చూడాలి. అది ఒక ఓము కంటే తక్కువ ఉండాలి.
* పెట్టె చెక్కదైతే ఎస్.ఎం.పి.ఎస్. చుట్టూ రేకు పలకను అమర్చి, ఆ పలకను కూడా ఎర్తుకు కలపాలి. ఎస్.ఎం.పి.ఎస్. గాలి రంధ్రాలను మాత్రం మూయరాదు. మదర్‌బోర్డుకు విడిగా ఎర్తు అవసరం లేదు. సరఫరా తీగలలోని నల్లతీగల ద్వారా అది ముందే కలపబడి ఉంటుంది.
* 30 మిల్లీఆంపియర్ల లీకేజీ వద్ద ఆగిపోయే ఆర్.సి.సి.బి. ఇంటిలో ఉండడం అదనపు రక్షణ.
* పిల్లల వేళ్ళు దూరేంత రంధ్రాలు ఫ్యాన్ల దగ్గర గాని, ఎస్.ఎం.పి.ఎస్. దగ్గర గాని ఉండరాదు.
* మొదటి కొన్ని రోజులు కంప్యూటరును గమనిస్తూ వాడాలి. ఎవరూ లేని గదిలో రాత్రంతా నడపరాదు. బయాస్ తెరపై ప్రాసెసరు ఉష్ణోగ్రతను, ఫ్యాను వేగాన్ని చూడవచ్చు.

ధూళి తుడవడం పెట్టె తయారీలో ఒక భాగంగానే భావించాలి. పత్తి తీసే కాలంలో, వేసవి ప్రారంభంలో ప్లగ్గు ఊడదీసి, మెత్తని కుంచెతో ఫ్యాన్లను, హీట్‌సింకును శుభ్రం చేయాలి.

పునర్వినియోగం

పాత కంప్యూటర్లలో చాలావాటిని పారవేయడానికి కారణం అన్ని భాగాలూ చెడిపోవడం కాదు. తుప్పు పట్టిన పెట్టె, ఆగిపోయిన ఫ్యాను, పాడైన సరఫరా పెట్టె వంటి ఒకటి రెండు లోపాలతో మొత్తం యంత్రం మూలపడుతుంది. మిగిలిన భాగాలకు ఇంటి పెట్టె అమర్చి, పాత యంత్రాలపై తేలికగా నడిచే లినక్స్ రకాన్ని వేసుకుంటే తెలుగు టైపింగు, పాఠాలు, లెక్కల పట్టికలు, ప్రోగ్రామింగు అభ్యాసం వంటి పనులకు వాడవచ్చు. విద్యార్థికి దీనివలన మరో లాభం ఉంది. మూసిన పెట్టెలో కనిపించని గాలి దారి, ఎర్తు, వోల్టేజి, ఉష్ణప్రసారం వంటి విషయాలు పాఠ్యపుస్తకంలోని పదాలుగా గాక చేతి పనిగా తెలిసివస్తాయి.

పనికిరాని భాగాలను కాల్చడం, పొలాలలో పూడ్చడం చేయరాదు. పాత బోర్డుల టంకంలో సీసం ఉంటుంది. భారతదేశంలో ఎలక్ట్రానిక్ వ్యర్థాల నియమాలు తొలిసారి 2011లో ప్రకటించబడి 2012 మే 1 నుండి అమలులోకి వచ్చాయి. వాటి స్థానంలో 2016లో, తిరిగి 2022లో కొత్త నియమాలు చేయబడినాయి. 2022 నాటి నియమాలు 2023 ఏప్రిల్ 1 నుండి అమలులో ఉన్నాయి. వీటి ప్రకారం ఇటువంటి వ్యర్థాలను నమోదైన పునశ్శుద్ధి సంస్థలకు చేర్చాలి. ఇనుప రేకు, చెక్క, వెదురు వంటివి ఈ వ్యర్థాల కిందికి రావు. కంప్యూటరు పూర్తిగా మూలపడిన తర్వాత ట్రంకు పెట్టెను ఎర్తు తీగ విప్పి మళ్ళీ పుస్తకాలకు వాడుకోవచ్చు.

ఇవి కూడా చూడండి

* కంప్యూటరు
* మదర్‌బోర్డు
* ఎర్తింగు
* ఉష్ణ సంవహనం
* ఎలక్ట్రానిక్ వ్యర్థాలు
* ఆసిఫాబాద్